అతుకు గట్టిదైతేనే గొట్టానికి ఆయువు

కోల్‌కతా ఇళ్లలో ఇనుము స్థానంలోకి ప్లాస్టిక్
మంచినీటి భద్రతకు మేస్త్రీ పనితనమే కీలకం

కోల్‌కతా: ఉత్తర కోల్‌కతాలోని ఏ పాత సందులో తలెత్తి చూసినా మేడల వెనుక గోడలపై గొట్టాలు తీగల్లా అల్లుకొని కనిపిస్తాయి. పోత ఇనుముతో చేసిన లావుపాటి మురుగు గొట్టాలు, జింకు పూత పూసిన సన్నని నీటి గొట్టాలు, వాటి నడుమ ఇటీవల వచ్చి చేరిన తెల్లని, బూడిద రంగు ప్లాస్టిక్ గొట్టాలు. వాటి పక్కన గోడ పగుళ్లలో రావి మొక్క పచ్చగా ఎదుగుతున్నదంటే ఆ దరిదాపుల్లో ఎక్కడో అతుకు కారుతున్నదని అర్థం. వందేళ్ల వయసు దాటిన ఇళ్లకు కొదవ లేని ఈ నగరంలో గొట్టాల మరమ్మతు ఏటా జరిగే చిల్లర పని మాత్రమే కాదు. ఇంటి ఆయువుతోనూ, ఇంట్లో వారి ఆరోగ్యంతోనూ ముడివడిన వ్యవహారం.

ఇనుము తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ తుప్పు పట్టదు. ఈ ఒక్క వాక్యంతోనే దేశమంతటా కోట్లాది ఇళ్లలో గొట్టాలు మారిపోయాయి. అయితే ప్లాస్టిక్ గొట్టం మధ్యలో పగలడం అరుదు. అది విఫలమయ్యేది చాలా వరకు అతుకు దగ్గరే. అతుకు వేసేది యంత్రం కాదు, మనిషి. అందువల్ల కర్మాగారం నుంచి ఎంత మంచి సరుకు వచ్చినా దాని విలువ చివరకు మేస్త్రీ చేతిలోనే తేలుతుంది. మిగిలిన నగరాల కన్నా కోల్‌కతాలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపించడానికి ఆ నగర నీటి సరఫరా చరిత్రే కారణం.

పల్తా నుంచి తాలా వరకు

కలకత్తా నగరానికి వడపోసిన నీరు గొట్టాల ద్వారా అందడం 1870లో ప్రారంభమైంది. నగరానికి ఉత్తరంగా హుగ్లీ ఒడ్డున పల్తా వద్ద నీటి శుద్ధి కేంద్రాన్ని నిర్మించి, అక్కడి నుంచి బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు వెంట పెద్ద పోత ఇనుప గొట్టాలు వేశారు. తొలినాళ్లలో రోజుకు 60 లక్షల గ్యాలన్ల నీరు వచ్చేది. కుళాయి నీరు తాగవచ్చునా, తాగితే ఆచారం చెడుతుందా అని ఆనాటి సంప్రదాయ హిందూ కుటుంబాల్లో పెద్ద చర్చే జరిగింది. కలరా భయం, కుళాయి సౌకర్యం కలిసి ఆ చర్చను కొద్ది కాలంలోనే ముగించాయి.

పల్తా నుంచి వచ్చే నీటిని నిలువ చేసి నగరానికి పంచేందుకు 1909లో తాలా వద్ద ఉక్కు ట్యాంకు నిర్మాణం మొదలైంది. 1911 మే నెలలో అది వాడుకలోకి వచ్చింది. నేల నుంచి సుమారు 110 అడుగుల ఎత్తున్న ఈ ట్యాంకు నాలుగు గదులుగా విభజింపబడి ఉంది. 90 లక్షల గ్యాలన్ల నీరు పడుతుంది. నిర్మాణానికి దాదాపు 8,500 టన్నుల ఉక్కు పట్టింది. గదులు నాలుగు కావడం వల్ల ఒకదానిని శుభ్రపరుస్తూనే మిగిలిన వాటితో సరఫరా కొనసాగించవచ్చు. శతాబ్దం దాటినా ఈ ట్యాంకు ఇంకా నగరానికి నీరు అందిస్తుండడం విశేషం. దక్షిణ ప్రాంతాల అవసరాల కోసం గార్డెన్ రీచ్ వద్ద మరో శుద్ధి కేంద్రం 1980 దశకంలో తోడయింది.

తాలా ట్యాంకుకూ ఇంటి గొట్టానికీ మధ్య సంబంధాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. నీటి మట్టం ప్రతి 10 మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడిని కలిగిస్తుంది. 110 అడుగులంటే 33 మీటర్లకు పైమాటే. అంటే ట్యాంకు పాదం వద్ద ఒత్తిడి మూడు కిలోలు దాటుతుంది. ఇళ్లకు చేరేసరికి అది ఎంతో తగ్గిపోతుంది. అందుకే నగరంలో మేడలున్న ప్రతి చోటా నేలలో ఒక తొట్టి, మిద్దెపై ఒక ట్యాంకు, నడుమ ఒక మోటారు తప్పనిసరి అయ్యాయి. ఐదంతస్తుల ఇంటి మిద్దెపై ట్యాంకు ఉంటే కింది అంతస్తు కుళాయి వద్ద సుమారు ఒకటిన్నర కిలోల ఒత్తిడి ఉంటుంది. గొట్టం ఎంపిక చేయవలసింది ఈ లెక్కను బట్టి గాని, దుకాణదారు సలహాను బట్టి కాదు.

కలకత్తాకు మరొక ప్రత్యేకత ఉంది. వడపోసిన మంచినీటితో పాటు, వీధులు కడగడానికీ, మంటలార్పడానికీ, మరుగుదొడ్లకూ హుగ్లీ నీటిని వడపోయకుండానే వేరే గొట్టాల ద్వారా సరఫరా చేసే పద్ధతి బ్రిటిష్ కాలం నుంచి నడిచింది. హౌరా వంతెన సమీపంలోని మల్లిక్ ఘాట్ పంపింగు కేంద్రం ఈ వ్యవస్థకు చెందినదే. అందువల్ల కొన్ని పాత ఇళ్లలో రెండు రకాల నీటి గొట్టాలు పక్కపక్కనే సాగుతాయి. తుప్పుపట్టి, సున్నం పూతలు పడి రెండూ ఒకేలా కనిపించే చోట కొత్త గొట్టాన్ని దేనికి కలుపుతున్నామో చూసుకోకపోతే మరుగుదొడ్డి నీరు వంటింటికి చేరుతుంది. మరమ్మతులో ఇంతకు మించిన ప్రమాదం లేదు.

మేస్త్రీలు ఎవరు?

కోల్‌కతాలో గొట్టాల పని అనగానే గుర్తుకు వచ్చేది ఒడిశా కార్మికులు. ముఖ్యంగా కేంద్రపడ జిల్లా పట్టాముండై ప్రాంతం నుంచి వచ్చిన వారు. బ్రిటిష్ కాలంలో కలకత్తాలోని ప్లంబింగు సంస్థల్లో కూలీలుగా చేరిన ఒడియా యువకులు పనిని నేర్చుకొని, తమ తమ్ముళ్లనూ, మేనల్లుళ్లనూ రప్పించుకున్నారు. ఒకరి వెంట ఒకరుగా వచ్చి ఆ వృత్తినే తమ ప్రాంతానికి గుర్తుగా మార్చుకున్నారు. ఆ తరువాత వారి వారసులు ఢిల్లీ, ముంబాయి, హైదరాబాదులకు, గల్ఫ్ దేశాలకు విస్తరించారు. ఈ నైపుణ్యానికి గుర్తింపుగా పట్టాముండైలో 2010లో ప్రభుత్వ ప్లంబింగు సాంకేతిక సంస్థ ఏర్పడింది. దేశంలో ఒకే వృత్తి ఒక మారుమూల ప్రాంతంతో ఇంతగా ముడిపడిన ఉదాహరణలు ఎక్కువ లేవు.

నీటి సరఫరా వ్యవస్థ సాగే దారిలోనే తెలుగువారి చరిత్ర కూడా ఉంది. పల్తా గొట్టాలు నగరానికి వచ్చే బారక్‌పూర్ రోడ్డుపై ఉన్న టిటాగఢ్‌లోనూ, ఆ పరిసర జనపనార మిల్లుల్లోనూ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నుంచి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగు కార్మికులు పనిచేశారు. మిల్లు వరుస ఇళ్లలో కుళాయి ఎదుట బిందెల బారులు వారికి నిత్యానుభవం. ఇంటింటికీ గొట్టం చేరని చోట్ల తోలు సంచులతో నీరు మోసే భిస్తీలు మధ్య కోల్‌కతాలో ఇటీవలి సంవత్సరాల్లోనూ కనిపించారు.

ఇనుప గొట్టాల కాలంలో ప్లంబరు పని బలానికీ, ఓపికకూ పరీక్షగా ఉండేది. గొట్టాన్ని కోసి, కొనకు మరలు తీసి, జనుము పీచు చుట్టి, రంగు పూసి, రెంచీతో బిగించాలి. మురుగు గొట్టాల అతుకులో పీచు దట్టించి, కరిగించిన సీసం పోసేవారు. అసలు ప్లంబరు అన్న మాటే సీసానికి లాటిన్ భాషలో ఉన్న పేరు నుంచి పుట్టింది. నేర్చుకోవడానికి సంవత్సరాలు పట్టిన ఆ విద్య స్థానంలోకి రంపం, జిగురు డబ్బా వచ్చాయి. పని తేలికైంది. ఎవరైనా చేయవచ్చునన్న భావం కూడా వచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

జర్మనీ నుంచి నంద్యాల దాకా

పి.వి.సి.తో గట్టి గొట్టాలు తయారు చేయడం 1930 దశకంలో జర్మనీలో మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ధ్వంసమైన నగరాలను పునర్నిర్మించే సమయంలో వాటి వాడకం పెరిగింది. ఈ పదార్థం బరువులో సుమారు 57 శాతం క్లోరిన్. అది ఉప్పు నుంచి వస్తుంది. మిగిలినది పెట్రోలియం లేదా సహజవాయువు నుంచి వచ్చే భాగం. ఉక్కు సాంద్రతలో ఐదో వంతు కూడా లేనందున 20 అడుగుల గొట్టాన్ని ఒక మనిషి భుజాన వేసుకొని ఇరుకు మెట్లు ఎక్కగలడు. పాత కలకత్తా ఇళ్ల మెట్లు ఎరిగిన వారికి ఈ సౌలభ్యం విలువ తెలుస్తుంది.

మన దేశంలో పి.వి.సి. తయారీ 1960 దశకంలో ఊపందుకుంది. తమిళనాడులోని మేట్టూరులో 1967లో కర్మాగారం ప్రారంభమైంది. ఆర్థిక సంస్కరణల అనంతరం 1994లో రత్నగిరిలో ఫినోలెక్స్ సంస్థ ముడిసరుకు ఉత్పత్తికి దిగింది. తెలుగు నేలపై ఈ గొట్టాలు ఇళ్లలోకి రాకముందే పొలాల్లోకి వచ్చాయి. బోరుబావుల నుంచి చేలకు నీరు పారించే రైతులే తొలి పెద్ద వినియోగదారులు. సూర్యాపేట సుధాకర్ పైపులు, నంద్యాల నంది పైపులు ఇంటింటా తెలిసిన పేర్లు కావడం ఆ విధంగానే జరిగింది. నంది సంస్థను నెలకొల్పిన ఎస్.పి.వై.రెడ్డి అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వదిలి ఈ రంగంలోకి వచ్చి, అనంతరం నంద్యాల నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

సాధారణ పి.వి.సి. వేడి నీటికి పనికిరాదు. ఈ లోటు తీర్చేందుకు క్లోరిన్ పాళ్లు మరింత పెంచిన సి.పి.వి.సి. గొట్టాలు అమెరికాలో 1950 దశకం చివర వచ్చాయి. భారత విపణిలో ఇవి 1990 దశకం చివర ప్రవేశించాయి. గీజర్లు మధ్యతరగతి ఇళ్లలో సామాన్యమైన తరువాత వీటి గిరాకీ వేగంగా పెరిగింది.

దేశంలో పి.వి.సి. ముడిసరుకు ఉత్పత్తి సామర్థ్యం ఇటీవలి సంవత్సరాల్లో సుమారు 15 లక్షల టన్నులు. వాడకం అందుకు రెట్టింపు కన్నా ఎక్కువ. మిగిలినది చైనా, తైవాన్, జపాన్, దక్షిణ కొరియా తదితర దేశాల నుంచి దిగుమతి అవుతున్నది. వాడకంలో అధిక భాగం గొట్టాలదే. కనుక ప్రపంచంలో ఏ మూల అలజడి రేగినా మన వీధి దుకాణంలో గొట్టం ధర కదులుతుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుపాను వల్ల రసాయన కర్మాగారాలు మూతపడినప్పుడు ఆ ఏడాది ప్రపంచమంతటా పి.వి.సి. ధరలు మండిపోయాయి. ధర పెరిగినప్పుడల్లా పలుచని గొట్టాలు, గుర్తింపు లేని సరుకు మార్కెట్లోకి చొరబడడం మామూలే.

ఏ పనికి ఏ గొట్టం

కోల్‌కతాలో మెడికల్ కాలేజీ సమీపాన కాలేజీ స్ట్రీటు శానిటరీ దుకాణాల్లోనైనా, విజయవాడలోనైనా, వరంగల్లులోనైనా కొనుగోలుదారు తెలుసుకోవలసిన విషయాలు ఒక్కటే. మంచినీటికి వాడే గట్టి పి.వి.సి. గొట్టానికి భారతీయ ప్రమాణం 4985. ఇంటి లోపలి మురుగు, వాన నీటి గొట్టాలకు 13592. సి.పి.వి.సి.కి 15778. ఐ.ఎస్.ఐ. ముద్రతో పాటు ఈ సంఖ్య, కొలత, ఒత్తిడి తరగతి గొట్టంపై అచ్చయి ఉండాలి. కరెంటు తీగల కోసం చేసిన పలుచని గొట్టాన్ని చవకగా వస్తున్నదని నీటికి వాడరాదు.

కొలతల దగ్గర పొరపాటు ఎక్కువ. ఇనుప గొట్టాన్ని లోపలి రంధ్రం లెక్కన పిలుస్తారు. 4985 ప్రమాణం గొట్టాన్ని వెలుపలి వ్యాసం లెక్కన 20, 25, 32, 40 మిల్లీమీటర్లుగా పిలుస్తారు. 25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం అంగుళం ఇనుప గొట్టానికి సమానమని భ్రమపడితే నీటి దారి సన్నబడుతుంది. మరమ్మతుకు ముందు పాత గొట్టం ముక్కను వెంట తీసుకొని దుకాణానికి వెళ్లడం అన్నిటికన్నా క్షేమం.

ఒత్తిడి తరగతులు చదరపు సెంటీమీటరుకు 4, 6, 10 కిలోలు, ఇలా ఉంటాయి. మిద్దె ట్యాంకు నుంచి కిందికి దిగే గొట్టానికి తక్కువ తరగతి సరిపోయినట్టు కనిపించినా, మోటారు నుంచి పైకి వెళ్లే గొట్టానికి ఆ లెక్క చాలదు. మోటారు ఆగినప్పుడు, కుళాయి చటుక్కున కట్టినప్పుడు పరుగెత్తే నీరు ఒక్కసారిగా ఆగి గొట్టాన్ని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. గోడలో వినిపించే దబ్బుమనే చప్పుడు అదే. పైగా గొట్టంపై ముద్రించిన ఒత్తిడి 27 డిగ్రీల ఉష్ణోగ్రతకు నిర్ణయించినది. వేడి పెరిగే కొద్దీ బలం తగ్గుతుంది. 45 డిగ్రీలు దాటిన నీటికి సాధారణ పి.వి.సి.ని వాడకూడదు. గీజరు నుంచి వచ్చే గొట్టం సి.పి.వి.సి. గాని, లోహం గాని కావాలి. సి.పి.వి.సి. 93 డిగ్రీల వరకు వేడిని ఓర్చుకుంటుంది.

అతుకు వేసే పద్ధతి

జిగురు అని వాడుకలో పిలిచే సాల్వెంట్ సిమెంటు నిజానికి అంటించే పదార్థం కాదు. అది గొట్టం పైపొరనూ, అమరికలోని లోపలి పొరనూ కొద్దిగా కరిగిస్తుంది. ద్రావకం ఆవిరైపోగానే ఆ రెండు పొరలు ఒకటై గట్టిపడతాయి. అందుకే సరిగా వేసిన అతుకు గొట్టమంత బలంగా ఉంటుంది. అదే కారణాన ఒకసారి వేసిన అతుకును ఊడదీయడం సాధ్యం కాదు. తప్పు జరిగితే కోసి పారవేయవలసిందే.

గొట్టాన్ని నిటారుగా, వంకర లేకుండా కోయాలి. ఏటవాలుగా కోస్తే కొన అమరికలో ఒకవైపే ఆనుతుంది. కోసిన అంచున లేచిన పొట్టును ఆకురాయితోనో, చాకుతోనో తీసివేసి, వెలుపలి అంచును కాస్త చెక్కాలి. లేకుంటే ఆ పదును జిగురును ముందుకు తోసివేస్తుంది. తరువాత జిగురు పూయకుండా ముక్కలన్నిటినీ అమర్చి చూసుకొని, ఎంత లోతుకు దిగాలో పెన్సిలుతో గుర్తు పెట్టాలి. దుమ్ము, నూనె, తడి పూర్తిగా తుడవాలి. అమరిక లోపల పలుచగా, గొట్టం కొనపై సమంగా జిగురు పూసి, ఆరిపోకముందే గుర్తు వరకు దించి, పావు వంతు తిప్పి అర నిమిషం పాటు కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే కొత్త అతుకు తానే వెనక్కు జారుతుంది. వెలుపలికి వచ్చిన జిగురును గుడ్డతో తుడిచివేయాలి. లోపల ముద్దగా చేరిన జిగురు గొట్టాన్ని మెత్తబరచి నీటి దారిని కూడా మూస్తుంది.

నీరు వదలడానికి 24 గంటలు ఆగడం మంచిది. కోల్‌కతా వంటి తేమ నగరంలో, అందునా వానకాలంలో, ద్రావకం ఆరడం ఆలస్యమవుతుంది. నగరంలో నీరు వేళల ప్రకారం వస్తుంది కనుక, సాయంత్రం నీళ్ల వేళకు పని ముగించాలని ఇంటివారు తొందరపెడతారు. పొద్దున వేసిన అతుకుపై సాయంత్రానికే ఒత్తిడి పడుతుంది. ఆ రోజు కారకపోవచ్చు. ఆరు నెలలకు గోడపై చెమ్మ మచ్చ కనిపిస్తుంది. మూసిన వాల్వు నుంచి చుక్కలు జారుతుండగా తడి గొట్టంపై జిగురు పూయడం మరో సాధారణ లోపం. వాల్వు మార్చకుండా అతుకు వేయడం కన్నా ముందు వాల్వు బాగుచేయడమే మేలు.

పి.వి.సి.కీ, సి.పి.వి.సి.కీ వేర్వేరు జిగుర్లు ఉంటాయి. ఒకదాని డబ్బాతో రెంటినీ అతకరాదు. ద్రావకం ఆవిరి తలనొప్పి కలిగిస్తుంది, త్వరగా మండుతుంది. గాలి ఆడని స్నానాల గదిలో పని చేసేటప్పుడు తలుపు తీసి ఉంచాలి, బీడీ వెలిగించరాదు.

మన ప్రాంతంలోనూ, అక్కడా కనిపించే అలవాటు మరొకటి ఉంది. కప్లింగు ఖర్చు మిగులుతుందని గొట్టం కొనను మంటపై కాచి, వెడల్పు చేసి మరో గొట్టాన్ని దూరుస్తారు. మంట సెగకు గొట్టం గోడ ఒకచోట పలుచబడి, మరొకచోట మాడుతుంది. పొలంలో ఒత్తిడి లేని కాలువకు అది చెల్లవచ్చు. గోడలో పూడ్చే మంచినీటి గొట్టానికి ఎన్నడూ చెల్లదు.

గొట్టం నడుమ పగిలినప్పుడు రెండు కొనలూ గోడలో బిగిసి ఉంటాయి. వాటిని విడదీసి మామూలు కప్లింగు దించడానికి చోటు ఉండదు. లోపల ఆపే అంచు లేని జారుడు కప్లింగును గాని, మరలతో విప్పడానికి వీలయ్యే యూనియన్‌ను గాని వాడాలి. మురుగు గొట్టాలకు రబ్బరు వలయంతో అమరేవి ఉన్నాయి. వాటిని చివరి దాకా తోసి, తిరిగి సుమారు 10 మిల్లీమీటర్లు వెనక్కు లాగితే వేడికి సాగడానికి చోటు మిగులుతుంది.

ఇనుముతో పొత్తు

పాత ఇంట్లో గొట్టాలన్నిటినీ ఒకేసారి మార్చడం ఖర్చుతో కూడిన పని. అందుకే కోల్‌కతాలో ఎక్కువ భాగం మరమ్మతులు పాత ఇనుముకు కొత్త ప్లాస్టిక్‌ను కలపడంతోనే సరి. ఇనుప మరపై ప్లాస్టిక్ మరను బిగించే కొద్దీ లోహం మేకులా పనిచేసి ప్లాస్టిక్‌ను చీలుస్తుంది. లోపల ఇత్తడి మర ఉన్న అమరికలను వాడాలి. జనుము పీచు, రంగు బదులు టెఫ్లాన్ టేపు చుట్టి చేతితో బిగించి, ఆపై రెంచీతో కొద్దిగా మాత్రమే తిప్పాలి. ఇనుముతో అలవాటైన చేయి ఇక్కడ తన బలాన్ని తగ్గించుకోవాలి.

ఎక్కువమంది గమనించని అపాయం కరెంటుది. పాత ఇళ్లలో కొన్ని చోట్ల ఎలక్ట్రీషియన్లు ఎర్త్ తీగను ఇనుప నీటి గొట్టానికి కట్టేవారు. నడుమ ఒక్క ముక్క ప్లాస్టిక్ పడినా ఆ ఎర్త్ తెగిపోతుంది. గీజరులో లోపం వచ్చిన రోజున కుళాయి ముట్టిన వారికి షాకు తగులుతుంది. గొట్టాలు మార్చిన ఇంట్లో ఎర్తింగును విడిగా పరీక్షింపజేసుకోవడం తప్పనిసరి.

ఎండ కూడా ప్లాస్టిక్‌కు శత్రువే. మిద్దెపై కప్పు లేకుండా వేసిన గొట్టం సూర్యకాంతికి కొన్నేళ్లలో పెళుసుబారుతుంది. రంగు పూయడమో, కప్పివేయడమో చేయాలి. వేడికి సాగే గుణం కూడా ఎక్కువే. పది మీటర్ల గొట్టం ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే సుమారు 2 సెంటీమీటర్లు సాగుతుంది. అది కదలడానికి చోటు లేకుండా బిగిస్తే భారం అతుకుపై పడుతుంది. రెండు మూడు అడుగులకొక క్లిప్పు ఉండాలి గాని, ఆ క్లిప్పు గొట్టాన్ని నలిపేలా ఉండరాదు.

చుక్క వెనుక వ్యాధి

కారే అతుకు నుంచి నీరు బయటకు పోవడమే చూస్తాం. నీరు వేళల ప్రకారం వచ్చే నగరంలో దానికి రెండో ముఖం ఉంది. సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. కొన్నిసార్లు చుట్టూ ఉన్న మురికి నీటిని అదే రంధ్రం లోపలికి పీలుస్తుంది. మోటారును నేరుగా వీధి గొట్టానికి బిగించి లాగే ఇళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తిరిగి నీళ్లు వదలగానే ఆ మురికి వీధి మొత్తానికి చేరుతుంది.

2018 ఫిబ్రవరిలో దక్షిణ కోల్‌కతాలోని బాఘాజతిన్, పటూలి పరిసరాల్లో అతిసార ప్రబలి పెద్ద సంఖ్యలో ప్రజలు అస్వస్థులయ్యారు. నీటి కాలుష్యంపై నాడు తీవ్ర చర్చ జరిగింది. తెలుగు పాఠకులకు ఇది దూరపు వార్త కాదు. అదే ఏడాది మార్చిలో గుంటూరు పాతబస్తీలో కలుషిత నీటి వల్ల అతిసార సోకి పలువురు మరణించారు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ కలుషిత నీరు పది మందికి పైగా ప్రాణాలు బలిగొన్నది. వీధి గొట్టాల బాధ్యత పాలక సంస్థలదే. కాని వీధి గొట్టం నుంచి ఇంటి వరకు వచ్చే సన్నని గొట్టం చాలా చోట్ల మురుగు కాలువను దాటుకొని వస్తుంది. దాని అతుకు ఇంటి యజమాని పిలిపించిన మేస్త్రీ వేసినదే. కాలువ లోపల అతుకు లేకుండా ఒకే గొట్టాన్ని, మరో పెద్ద గొట్టంలో దూర్చి దాటించడం చిన్న ఖర్చుతో అయ్యే పెద్ద రక్షణ.

ప్లాస్టిక్‌పై ఉన్న మరో ఆరోపణ సీసం. వేడికి పి.వి.సి. చెడకుండా తయారీలో సీసపు లవణాలు కలిపే పద్ధతి దేశంలో చాలాకాలం సాగింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం అనంతరం కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021లో గొట్టాల తయారీలో సీసం వాడకాన్ని దశలవారీగా తొలగించే నిబంధనలను ప్రకటించింది. కొత్త గొట్టం కొనేవారు సీసం లేనిదని ముద్రించి ఉన్నదా అని చూసుకోవాలి. కొత్తగా గొట్టాలు వేసిన ఇంట్లో మొదట కొంతసేపు నీటిని వదిలివేసి, ఆ తరువాతే తాగడానికి పట్టుకోవడం మంచి అలవాటు.

లెక్కలేని నీరు

కోల్‌కతాలో గృహ వినియోగానికి నగరపాలక సంస్థ నీటి చార్జీలు వసూలు చేయడం లేదు. అధిక శాతం ఇళ్లకు మీటర్లు లేవు. కాశీపూర్ ప్రాంతంలోని ఒకటి నుంచి ఆరు వరకు వార్డుల్లో ఆసియా అభివృద్ధి బ్యాంకు తోడ్పాటుతో మీటర్లు అమర్చి నీటి నష్టాన్ని కొలిచే ప్రయత్నం జరిగింది. అది పన్ను వేయడానికే అన్న అనుమానం, కాదన్న వివరణ రెండూ వినిపించాయి. ధర లేని నీరు కారిపోతే ఎవరికీ నొప్పి తెలియదు. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలను, అంటే 4 లీటర్లకు పైగా నీటిని వృథా చేస్తుంది. హుగ్లీ నుంచి ఎత్తి, వడపోసి, క్లోరిన్ కలిపి, పల్తా నుంచి తాలాకు పంపడానికి అయ్యే ఖర్చు మాత్రం ప్రజాధనం నుంచి పోతూనే ఉంటుంది.

హైదరాబాదులో పరిస్థితి వేరు. 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం మీటరు ఆధారంగా నడిచింది. అటువంటి చోట కారే గొట్టం ఆ పరిమితిని దాటించి బిల్లు తెస్తుంది. ఒక నగరంలో నిర్లక్ష్యానికి శిక్ష గృహస్థుకు, మరో నగరంలో ఖజానాకు పడుతున్నదన్న మాట.

కోల్‌కతా నగరపాలక సంస్థ ప్లంబర్లకు లైసెన్సులు ఇస్తుంది. వీధి గొట్టం నుంచి కొత్త కనెక్షను తీసుకోవడానికి వారి ద్వారానే వెళ్లాలి. అయితే ఇంటి లోపలి మరమ్మతులకు పిలిచేది చాలా వరకు కూడళ్లలో ఉదయం పూట రెంచీ, రంపం ముందు పెట్టుకొని కూర్చొనే రోజుకూలీలనే. వీరిలో తరాల అనుభవం ఉన్నవారూ ఉన్నారు, జిగురు డబ్బా చేతబట్టిన కొత్తవారూ ఉన్నారు. ఇద్దరికీ కూలి ఇంచుమించు ఒకటే. మంచి పనికి అదనపు ప్రతిఫలం లేనప్పుడు తొందర పనికే గిరాకీ ఉంటుంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లోనూ కోట్లాది ఇళ్లకు కుళాయిలు వచ్చాయి. వాటిని నిలుపుకోవడానికి కావలసిన చేతుల సంఖ్యతో పోలిస్తే పట్టాముండై వంటి శిక్షణ సంస్థలు చాలవు.

ఇంటి యజమాని చేయగలిగినది కూడా తక్కువేమీ కాదు. ప్రమాణం ముద్ర ఉన్న సరుకు కొని రసీదు భద్రపరచాలి. అతుకులకు ఒక రోజు గడువు ఇవ్వాలి. గోడ పూడ్చకముందే గొట్టాల్లో నీరు నింపి, కొన్ని గంటలపాటు ఒత్తిడిలో ఉంచి, ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తడిమి చూడాలి. పూడ్చేముందు గోడకు ఫొటో తీసి, గొట్టం నేల నుంచి ఎంత ఎత్తున, తలుపు నుంచి ఎంత దూరాన పోతున్నదో కాగితంపై రాసి పెట్టుకోవాలి. ఇరవై ఏళ్ల తరువాత ఆ గోడకు మేకు కొట్టబోయే వారికి ఆ కాగితం పనికివస్తుంది.